అంతరిక్షం నుంచి దిగే నౌక దారిని ఏవి మారుస్తాయి? గాలి, వాన, అరిగిపోయే కవచం

క్లుప్తంగా: భూమి మీదికి తిరిగొచ్చే వస్తువు మీద వాతావరణం చూపే ప్రభావం అన్ని ఎత్తుల్లో ఒకేలా ఉండదు. ఆ వస్తువు తన వేగాన్ని ఏ ఎత్తులో పోగొట్టుకుంటుందో ఆ ఎత్తులోని గాలే దాని దారిని నిర్ణయిస్తుంది. మొద్దుగా ఉండే క్యాప్సూల్‌కు 40 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులోని గాలి సాంద్రత ముఖ్యం. సన్నగా, మొనదేలి ఉండే వస్తువుకు నేలకు దగ్గర్లోని మబ్బులు, వాన కూడా ముఖ్యమే. వేడి నుంచి కాపాడే కవచం (హీట్ షీల్డ్) అరగడం సమానంగా జరిగితే పెద్దగా ఇబ్బంది రాదు. ఒక పక్కే అరిగితే మాత్రం దారి పక్కకు లాగేస్తుంది.

2022 డిసెంబరు 11న నాసా ఓరియన్ క్యాప్సూల్ చంద్రుడి దాకా వెళ్లి పసిఫిక్ మహాసముద్రంలో దిగింది. ఆర్టెమిస్-1 అనే ఆ ప్రయోగంలో మనుషులు లేరు. మొదట అనుకున్న చోటు శాన్ డియాగో తీరానికి దగ్గర. అక్కడ వాతావరణం అనుకూలంగా ఉండదని తేలడంతో నాసా ఆ చోటును సుమారు 550 కిలోమీటర్లు దక్షిణానికి, గ్వాడలూప్ దీవి వైపు మార్చింది. క్యాప్సూల్‌ను ఒడ్డుకు చేర్చి పరిశీలిస్తే రెండో సంగతి బయటపడింది. హీట్ షీల్డ్ మీద వందకు పైగా చోట్ల కాలిన పొర పెచ్చులుగా ఊడిపోయింది.

ఈ రెండు వార్తలూ చాలామందికి రెండు సందేహాలు మిగిల్చాయి. గంటకు దాదాపు 40,000 కిలోమీటర్ల వేగంతో వచ్చే వస్తువును గాలీవానా ఏం చేస్తాయి? కవచం పెచ్చులూడినా నౌక అనుకున్న ప్రాంతంలోనే ఎలా దిగింది? ఈ రెంటికీ జవాబు దొరకాలంటే ముందు ఆ వేగం ఎక్కడ, ఎలా తగ్గుతుందో చూడాలి.

## వేగం ఏ ఎత్తులో తగ్గుతుంది

పైకి వెళ్లేకొద్దీ గాలి చాలా త్వరగా పలచబడుతుంది. ప్రతి ఐదారు కిలోమీటర్లకు సాంద్రత సుమారు సగమవుతుంది. 50 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి నేల దగ్గరున్న సాంద్రతలో వెయ్యో వంతు కూడా మిగలదు. 80 కిలోమీటర్ల దగ్గర అది అరవై వేలలో ఒక వంతు. అంత పలచని గాలి కూడా సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వచ్చేదాన్ని బలంగానే అడ్డుకుంటుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుంది కాబట్టి.

ఏ వస్తువు ఎంత ఎత్తులో నెమ్మదిస్తుందన్నది దాని బరువుకూ, గాలికి అది చూపే అడ్డుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని బాలిస్టిక్ గుణకం అంటారు. వెడల్పుగా, మొద్దుగా, తేలిగ్గా ఉంటే గుణకం తక్కువ. అలాంటి వస్తువు పైనే, పలచని గాలిలోనే ఆగిపోతుంది. సన్నగా, బరువుగా ఉంటే గుణకం ఎక్కువ. అది పై పొరలను దాదాపు పట్టించుకోకుండా దూసుకొచ్చి, కింద చిక్కటి గాలిలో నెమ్మదిస్తుంది.

1950ల మొదట్లో అమెరికాలోని ఏమ్స్ పరిశోధన కేంద్రంలో జూలియన్ అలెన్, ఆల్ఫ్రెడ్ ఎగ్గర్స్ ఈ లెక్కను తేల్చారు. వాళ్లు చూపించిన ఒక విషయం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. లిఫ్ట్ (ప్రయాణ దిశకు అడ్డంగా, పైకో పక్కకో గాలి నెట్టే బలం) లేకుండా, కొంత నిటారుగా దిగే వస్తువు మీద పడే గరిష్ఠ కుదుపు, అంటే వేగం తగ్గే తీవ్రత, దాని బరువు మీద గానీ, ఆకారం మీద గానీ ఆధారపడదు. దిగే వేగం, కోణం మాత్రమే దాన్ని నిర్ణయిస్తాయి. వేగం మొదట్లో ఉన్నదానిలో 61 శాతానికి పడిపోయిన క్షణంలో ఆ గరిష్ఠ కుదుపు వస్తుంది. ఆకారం, బరువు మార్చేది ఆ క్షణం వచ్చే ఎత్తును మాత్రమే.

మొద్దు ముక్కు వల్ల ఎక్కువ వేడి నౌకకు తగలకుండా దాని ముందు గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి ఏర్పడే షాక్ వేవ్‌లోకి, చుట్టూ ఉన్న గాలిలోకి పోతుందని కూడా వాళ్లే చెప్పారు. అపోలో నుంచి సోయుజ్, ఓరియన్ దాకా మనుషులను మోసే క్యాప్సూళ్లు ఒకే తరహాలో కనిపించడానికి కారణం అదే.

ఒక క్యాప్సూల్ మబ్బుల ఎత్తుకు వచ్చేసరికి ధ్వని వేగం కన్నా నెమ్మదిగానో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. అప్పటికి వాన చినుకు దాని కవచాన్ని ఏమీ చేయలేదు. సన్నటి మొన ఉన్న వస్తువు మాత్రం అదే మబ్బులోకి సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగంతో దూరుతుంది. అందుకే 'రీఎంట్రీ (వాయుమండలంలోకి తిరిగి రావడం) మీద వాన ప్రభావం ఎంత' అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు.

## ఎవరికీ కనిపించని వాతావరణం

కక్ష్యలోంచి దానంతట అదే పడిపోయే ఉపగ్రహం విషయంలో అనిశ్చితి 200 కిలోమీటర్ల పైనే మొదలవుతుంది. అక్కడి గాలి సూర్యుడి తీరును బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. సూర్యుడి చురుకుదనం పెరిగితే పై పొరలు వేడెక్కి వ్యాకోచిస్తాయి. అదే ఎత్తులో గాలి చిక్కబడి ఉపగ్రహాన్ని ఎక్కువగా లాగుతుంది.

స్కైల్యాబ్ అనుకున్న దానికన్నా ముందే, 1979 జూలై 11న పడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. దాని శకలాలు హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. 2022 ఫిబ్రవరి 3న ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల కథ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. సూర్యుడి అలజడితో రేగిన భూ అయస్కాంత తుపాను వల్ల ఆ ఎత్తులో గాలి లాగుడు అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే 50 శాతం దాకా పెరిగింది. వాటిలో ఎక్కువ భాగం పైకి ఎగబాకలేక కాలిపోయాయి.

ఇలాంటి పతనాలను అంచనా వేసేవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. మిగిలిన ఆయుష్షులో 10 నుంచి 20 శాతం దాకా పొరపాటుకు అవకాశం ఉంటుంది. అంటే 10 గంటల్లో పడుతుందనుకున్నది గంట, రెండు గంటలు అటూ ఇటూ కావచ్చు. ఉపగ్రహం గంటలో సుమారు 27,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అందుకే చివరి కొద్ది గంటల దాకా ఏ ఖండం మీద పడుతుందో కూడా చెప్పలేరు. ఇది శాస్త్రవేత్తల అశ్రద్ధ కాదు. ఆ ఎత్తులో గాలి సాంద్రతను నేరుగా, అన్నిచోట్లా కొలిచే సాధనాలు లేవు.

నియంత్రణలో ఉన్న క్యాప్సూల్‌కు ఈ సమస్య తక్కువ. తిరుగుముఖం పట్టించే ఇంజిన్ ఎప్పుడు మండించాలో ముందే నిర్ణయిస్తారు. కానీ దానికి మరో పొర ఎదురవుతుంది. 40 నుంచి 80 కిలోమీటర్ల మధ్య ప్రాంతం కొలతలకు చాలా మొండిది. వాతావరణ బెలూన్లు 30, 35 కిలోమీటర్లకు మించి పోలేవు. ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. సౌండింగ్ రాకెట్లు, భూమి మీది లేజర్ పరికరాలు, దూరం నుంచి చూసే ఉపగ్రహ సాధనాలు కలిసి అక్కడక్కడ సమాచారం ఇస్తాయి. మిగతా ఖాళీని గణిత నమూనాలు నింపుతాయి.

ఆ పొరలో రుతువును బట్టి, అక్షాంశాన్ని బట్టి సాంద్రత పదుల శాతం మారుతుంది. కింద కొండల మీదుగా, తుపానుల మీదుగా పుట్టే గాలి అలలు పైకి పాకి అక్కడ పెద్దవవుతాయి. స్పేస్ షటిల్ తొలి ప్రయాణాల్లోనే కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో సాంద్రత ఠక్కున తగ్గడం, పెరగడం నమోదైంది.

దీని ప్రభావం ఎంతో స్థూలంగా లెక్క కట్టొచ్చు. సాంద్రత అంచనా కన్నా 10 శాతం తక్కువగా ఉందనుకుందాం. అప్పుడు అదే అడ్డు దొరకడానికి వస్తువు ఇంకో 700 మీటర్లు కిందికి రావాలి. అది 30 డిగ్రీల కోణంలో దిగుతుంటే ఆ 700 మీటర్లు నేల మీద దాదాపు 1.2 కిలోమీటర్ల తేడా తెస్తాయి. కక్ష్యలోంచి వచ్చే క్యాప్సూల్‌లా ఒకటిన్నర డిగ్రీ వాలులో జారుతుంటే అదే 700 మీటర్లు 27 కిలోమీటర్ల దాకా సాగుతాయి. నిజమైన దారి వంపు తిరుగుతుంది కాబట్టి ఈ అంకెలు కచ్చితమైనవి కావు. కానీ ఒకే గాలి, ఒకే పొరపాటు కోణాన్ని బట్టి ఇరవై రెట్లకు పైగా ఎలా మారుతుందో ఇవి చూపిస్తాయి. ఏటవాలుగా దిగితే మనిషి తట్టుకోగల కుదుపు ఉంటుంది. దానికి చెల్లించే మూల్యం ఈ అనిశ్చితి.

## దారిని సరిదిద్దే చిన్న లిఫ్ట్

ఆ మూల్యాన్ని తగ్గించడానికే క్యాప్సూల్ గురుత్వ కేంద్రాన్ని నడిమి గీతకు కొంచెం పక్కగా ఉంచుతారు. దాంతో క్యాప్సూల్ గాలిలో కాస్త వాలి ప్రయాణిస్తుంది, కొద్దిపాటి లిఫ్ట్ పుడుతుంది. అపోలోలో ఈ లిఫ్ట్ గాలి అడ్డులో మూడో వంతు కూడా లేదు. అయినా క్యాప్సూల్‌ను తన అక్షం చుట్టూ తిప్పి ఆ లిఫ్ట్‌ను పైకో, కిందికో, పక్కకో మళ్లిస్తే వందల కిలోమీటర్లు ముందుకో వెనక్కో జరపొచ్చు. గాలి పలచగా తగిలితే లిఫ్ట్‌ను తగ్గిస్తారు, చిక్కగా తగిలితే పెంచుతారు. నౌకలోని యాక్సిలరోమీటర్లు ఎంత కుదుపు వస్తోందో చెబుతుంటే కంప్యూటర్ ఆ పని చేస్తుంది.

అపోలో-11 విషయంలో ఈ చిన్న లిఫ్ట్ ఎంత పనికొచ్చిందో చూడొచ్చు. 1969 జూలైలో ముగ్గురు వ్యోమగాములు తిరిగొస్తుండగా, వాళ్లు దిగాల్సిన చోట ఉరుముల తుపాను వచ్చే సూచనలు సైనిక వాతావరణ ఉపగ్రహ చిత్రాల్లో కనిపించాయి. ఎత్తయిన ఆ మబ్బుల్లో ప్యారాచూట్లు చిరిగిపోయే ప్రమాదం ఉంది. చివరికి లక్ష్యాన్ని సుమారు 400 కిలోమీటర్లు ముందుకు జరిపారు. దారిలో మరీ పెద్ద సవరణ చేయకుండానే, వాయుమండలంలో లిఫ్ట్ వాడుకుని క్యాప్సూల్ ఆ అదనపు దూరం వెళ్లింది. వాన కవచాన్ని ఏం చేస్తుందన్నది అప్పుడు అసలు ప్రశ్నే కాదు. ప్యారాచూట్ల గురించే టెన్షన్.

లిఫ్ట్ చేజారితే ఏమవుతుందో 2003 మేలో సోయుజ్ టీఎంఏ-1 చూపించింది. నియంత్రణ వ్యవస్థ బాలిస్టిక్ పద్ధతికి మారిపోవడంతో క్యాప్సూల్ గుండ్రంగా తిరుగుతూ, లిఫ్ట్ లేకుండా నిటారుగా దిగింది. అనుకున్న చోటికి సుమారు 460 కిలోమీటర్ల ముందే పడింది. అందులోని ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు.

అంగారకుడి మీద ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి గాలి మహా పలచన, దుమ్ము తుపానులు దాన్ని వేడెక్కించి ఉబ్బిస్తాయి. 2004 జనవరిలో స్పిరిట్ రోవర్ చేరే ముందు ఆ గ్రహం అవతలి వైపు దుమ్ము తుపాను లేచింది. సాంద్రత తగ్గుతుందని గమనించి ఇంజినీర్లు ప్యారాచూట్ తెరుచుకునే అంచనాలను సవరించారు. స్పిరిట్‌కు లిఫ్ట్‌తో మార్గం సరిదిద్దుకునే వసతి లేదు. 2012 ఆగస్టులో దిగిన క్యూరియాసిటీకి ఆ వసతి ఉంది. అది 20 కిలోమీటర్ల పొడవు, 7 కిలోమీటర్ల వెడల్పున్న లక్ష్య వలయం మధ్య బిందువుకు రెండున్నర కిలోమీటర్లలోపే దిగింది. 1976లో వైకింగ్ నౌకల లక్ష్య వలయం పొడవు వందల కిలోమీటర్లు. ఈ తేడా గాలిని మెరుగ్గా అంచనా వేయడం వల్ల వచ్చిందే అనుకోవడం పొరపాటు. మార్గం లెక్కింపు మెరుగుపడింది, పైగా అంచనా తప్పినా దారిలో సరిదిద్దుకునే శక్తి వచ్చింది.

## వాన చినుకు దెబ్బ

అధిక వేగంతో మబ్బులోకి దూరే వస్తువు సంగతి వేరు. 2 మిల్లీమీటర్ల వ్యాసమున్న వాన చినుకు బరువు సుమారు 4 మిల్లీగ్రాములు. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో దాన్ని ఢీకొంటే ప్రతి గ్రాము నీటికి 4,500 జౌళ్ల శక్తి లెక్కకు వస్తుంది. అంతే బరువున్న టీఎన్‌టీ పేలితే వచ్చే శక్తి ఇంచుమించు ఇంతే. ఒక్క చినుకు దగ్గర అది 19 జౌళ్లే. కానీ ఆ దెబ్బ చుక్కంత చోట, సెకనులో లక్షల వంతు సమయంలో పడుతుంది. అప్పటికే వేడికి కాలి పెళుసెక్కిన పైపొర అక్కడ గుంట పడుతుంది. మబ్బులో ప్రతి క్షణం ఇలాంటివి అనేకం.

అయితే చినుకు నేరుగా కవచాన్ని తాకదు. ముందుగా షాక్ వేవ్‌ను దాటాలి. అక్కడ గాలి ఒక్కసారిగా వేడెక్కి, చిక్కబడి ఉంటుంది. సన్నటి మంచు తుంపరలు అక్కడే ఆవిరవుతాయి, లేదా గాలితో పాటు పక్కకు తప్పుకుంటాయి. పెద్ద చినుకు చిట్లిపోవడం మొదలవుతుంది. కానీ అది పూర్తయ్యేలోపే కవచాన్ని చేరుతుంది. మొద్దు ముక్కు ముందు షాక్ వేవ్ దూరంగా నిలుస్తుంది కాబట్టి చినుకు చిట్లడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. సన్నటి మొన ముందు షాక్ వేవ్ దాదాపు అంటుకునే ఉంటుంది. ఆ రక్షణ అక్కడ అందదు. ఎత్తయిన పలచని మబ్బుల్లోని మంచు స్ఫటికాలు కూడా ఇలాంటి ఇబ్బందే పెడతాయి.

ఈ అంశం మీద తొలి పరిశోధన చాలావరకు క్షిపణుల కోసం జరిగింది. 1960, 70లలో కార్బన్ ఆధారిత మొనలను రాకెట్ స్లెడ్‌ల (రాకెట్‌తో పట్టాల మీద దూసుకెళ్లే బండ్ల) మీద కృత్రిమ వానలోంచి పరుగెత్తించి పరీక్షించేవారు. ఆ రోజుల్లో తేలిన ప్రధాన విషయం నేటికీ నిలుస్తుంది. వాన వల్ల ఎంత అరిగిందన్నది సగం ప్రశ్నే, అరిగాక ఏ ఆకారం మిగిలిందన్నది మిగతా సగం.

తక్కువ వేగంలో కూడా కొన్ని పదార్థాలు వానకు తట్టుకోలేవు. స్పేస్ షటిల్ సిలికా పలకలు 1,200 డిగ్రీల వేడిని తట్టుకుంటాయి. విమానమంత వేగంతో వానలో వెళ్తే మాత్రం చిల్లులు పడతాయి. అందుకే ల్యాండింగ్ చోటుకు సుమారు 55 కిలోమీటర్ల పరిధిలో వాన జల్లులు ఉండకూడదని నియమం పెట్టుకున్నారు. షటిల్‌ను బోయింగ్-747 వీపు మీద తరలించేటప్పుడు కూడా ముందు మరో విమానం వెళ్లి మబ్బుల్లేని దారి చూసేది. ఇది దారి మారిపోతుందన్న భయంతో కాదు. తర్వాతి ప్రయాణానికి పలకలు పనికిరాకుండా పోతాయని.

## అరుగుదల దారిని ఎలా మారుస్తుంది

అరిగే హీట్ షీల్డ్ అరగడానికే తయారవుతుంది. వేడికి లోపలి రెసిన్ విచ్ఛిన్నమై వాయువులు వస్తాయి, మిగిలినది బొగ్గులా మారుతుంది. ఆ వాయువులు పైకి వచ్చి వేడి గాలిని కవచానికి కాస్త దూరంగా నెడతాయి. బొగ్గు పొర మెల్లగా కాలి, రాలి, వేడిని వెంట తీసుకుపోతుంది. అది పద్ధతిగా జరిగితే దారికి వచ్చే ముప్పు తక్కువ. బరువు కొంచెం తగ్గుతుంది, ఆకారం కొంచెం మారుతుంది, అంచనాలో వాటికి చోటు ఉంటుంది.

ముక్కు అంతా ఒకేలా అరిగి మొద్దుబారితే గాలి అడ్డు పెరుగుతుంది. వస్తువు కాస్త ముందే నెమ్మదించి లక్ష్యానికి ఇవతల పడుతుంది. ఇది ముందు, వెనుకల తేడా. ఒక పక్క మాత్రమే ఎక్కువ అరిగితే వచ్చే తేడా వేరు. గాలి ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉండదు. వస్తువు కొద్దిగా పక్కకు వాలుతుంది, ఆ వాలుకు లిఫ్ట్ పుడుతుంది. ఒక టైరులో గాలి తగ్గిన కారు ఆ పక్కకే లాగినట్టు దారి వంగిపోతుంది. కోరుకున్న లిఫ్ట్ క్యాప్సూల్‌ను కాపాడితే, కోరని లిఫ్ట్ దారి తప్పిస్తుంది. రెండింటి భౌతిక సూత్రం ఒకటే.

దీనికి పాత విరుగుడు తిప్పడం. నియంత్రణ లేని వస్తువు తన అక్షం చుట్టూ తిరుగుతుంటే ఆ లిఫ్ట్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగి చివరికి సగటున చెల్లుకు చెల్లు అవుతుంది. స్టార్‌డస్ట్ లాంటి నమూనాలు తెచ్చే క్యాప్సూళ్లను వదిలేముందు తిప్పడానికి కారణం స్థిరత్వంతో పాటు ఇదీ. కానీ అరిగిన ఉపరితలం మీది గాట్లు, గీతలు ఆ తిరుగుడునే మార్చగలవు. తిరుగుడు నెమ్మదించి ఆగిపోయి, ఎదురు దిశకు మారే క్షణం ప్రమాదకరం. ఆ కాసేపు లిఫ్ట్ ఒకే దిక్కుకు లాగుతుంది, సగటు చెల్లిపోవడం ఆగుతుంది.

గరుకుదనం ఇంకో రకంగా కూడా పనిచేస్తుంది. నున్నటి ఉపరితలం మీద గాలి పొరలు పొరలుగా జారుతుంది. చిన్న బొడిపె తగిలినా అది సుళ్లు తిరగడం మొదలుపెడుతుంది. అక్కడ వేడి కొన్ని రెట్లు పెరుగుతుంది, అడ్డు కూడా పెరుగుతుంది. ఈ సుడి ఒక రెక్క మీద ముందుగా, రెండో రెక్క మీద ఆలస్యంగా మొదలైతే నౌక ఒక పక్కకు లాగుతుంది. 1989 ఆగస్టులో స్పేస్ షటిల్ ఎస్‌టీఎస్-28 ప్రయాణంలో పలకల మధ్యనుంచి పొడుచుకొచ్చిన పట్టీల వల్ల ఈ మార్పు మామూలు కన్నా చాలా ముందే వచ్చింది. 2005 ఆగస్టు 3న ఎస్‌టీఎస్-114 ప్రయాణంలో ఇలాంటి రెండు పట్టీలను వ్యోమగామి స్టీవ్ రాబిన్సన్ నౌక అడుగుకు వెళ్లి చేత్తోనే లాగేశాడు. 2009లో ఎస్‌టీఎస్-119 ప్రయాణంలో కావాలనే రెక్క అడుగున 6 మిల్లీమీటర్ల ఎత్తున్న బొడిపె పెట్టి వేడి ఎలా మారుతుందో కొలిచారు. గోటి వెడల్పు కూడా లేని ఎత్తు కోసం ఇంత శ్రమ ఎందుకో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది.

ఉపరితల నష్టం దారిని లాగడం ఎంత దూరం పోగలదో 2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ ప్రమాదం చూపింది. ఎడమ రెక్క అంచుకు పడిన రంధ్రంలోంచి వేడి వాయువులు లోపలికి చొరబడ్డాయి. రెక్క ఆకారం చెడేకొద్దీ నౌక ఎడమకు లాగసాగింది. ఆటోపైలట్ రెక్కల మీది ఫలకాలతో, ఆ తర్వాత చిన్న ఇంజిన్లతో దాన్ని సరిచేస్తూ వచ్చింది. నియంత్రణ ఉన్నంతసేపూ దారిలో పెద్ద తేడా కనిపించలేదు. అంటే దారి సరిగ్గా ఉండటం నౌక సరిగ్గా ఉందనడానికి రుజువు కాదు. సవరించడానికి ఎంత శక్తి ఖర్చవుతోందన్నదే అసలు సంకేతం. ఆ శక్తి సరిపోని క్షణంలో నౌక అదుపు తప్పి ముక్కలైంది, ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు.

## ఓరియన్‌లో ఏం జరిగింది

ఆర్టెమిస్-1 పెచ్చుల కారణాన్ని నాసా 2024 డిసెంబరులో వెల్లడించింది. ఓరియన్ వాయుమండలంలోకి ఒకసారి దిగి, లిఫ్ట్‌తో మళ్లీ కొంత పైకి లేచి, రెండోసారి దిగింది. దూరాన్ని, కుదుపును అదుపులో పెట్టుకోవడానికి ఈ స్కిప్ పద్ధతి పనికొస్తుంది. పైకి లేచిన ఆ మధ్య సమయంలో బయటి వేడి తగ్గింది, బొగ్గు పొర తయారవడం నెమ్మదించింది. లోపల మాత్రం కవచంలోని అవ్‌కోట్ అనే పదార్థం వేడిగానే ఉండి వాయువులు పుడుతూనే ఉన్నాయి. అవి బయటికి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి పైపొర పగిలింది. ప్రయోగశాల పరీక్షల్లో వేడి నిజ ప్రయాణం కన్నా తీవ్రంగా ఉండటంతో బొగ్గు త్వరగా ఏర్పడి, వాయువులు సులువుగా బయటపడ్డాయి. అందుకే లోపం అక్కడ బయటపడలేదు.

అంటే తక్కువ వేడే ఎక్కువ నష్టం చేసింది. పరీక్షలో ఎంత వేడి పెట్టామన్నదొక్కటే కాదు, ఆ వేడి ఏ వరుసలో హెచ్చుతగ్గులైందన్నదీ ముఖ్యమే.

దారి ఎందుకు చెడలేదు? మూడు కారణాలు కనిపిస్తాయి. ఓరియన్ వెడల్పాటి మొద్దు ఆకారం. అయిదు మీటర్ల వెడల్పున్న కవచం మీద చిన్న గుంటలు మొత్తం గాలి ఒత్తిడిని పెద్దగా మార్చలేవు. పెచ్చులు ఒకే పక్క కాకుండా చాలాచోట్ల ఊడాయి. మిగిలిన తేడాను మార్గనిర్దేశ వ్యవస్థ సర్దుకుంది. లోపలి ఉష్ణోగ్రత కూడా మామూలుగానే ఉందని, మనుషులు ఉన్నా క్షేమంగా ఉండేవారని నాసా తెలిపింది. అయినా ఆర్టెమిస్-2 కోసం కవచాన్ని మార్చకుండా దిగే మార్గాన్నే మార్చాలని నిర్ణయించింది. ఇక్కడ మార్గాన్ని కవచం నిర్దేశించింది. మామూలుగా మార్గాన్ని బట్టి కవచాన్ని తయారుచేస్తారు.

## ఒక కొలత, రెండు తెలియనివి

గాలిని, అరుగుదలను విడివిడిగా కొలవడం కష్టం. నౌక మీది యాక్సిలరోమీటర్ చెప్పేది కుదుపు మాత్రమే. కుదుపు అంచనా కన్నా ఎక్కువుంటే గాలి చిక్కగా ఉండొచ్చు, లేదా ముక్కు మొద్దుబారి అడ్డు పెరిగి ఉండొచ్చు, లేదా బరువు తగ్గి ఉండొచ్చు. ఏది నిజమో ఆ ఒక్క అంకె చెప్పదు.

1995 డిసెంబరు 7న గురుగ్రహంలోకి దూకిన గెలీలియో ప్రోబ్‌కు ఈ చిక్కు పెద్ద ఎత్తున ఎదురైంది. అది సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో ప్రవేశించింది. సుమారు 340 కిలోల ప్రోబ్‌లో కవచం బరువే 150 కిలోలకు పైన. అందులో సగానికి పైగా నిమిషాల వ్యవధిలో పోయింది. గురుగ్రహ వాయు సాంద్రతను కుదుపు నుంచే లెక్కకట్టాలి. బరువు క్షణక్షణం మారుతుంటే ఆ లెక్క ఎలా? దీన్ని ముందే ఊహించి కవచంలో అరుగుదలను కొలిచే సెన్సర్లు పెట్టారు. అవి చెప్పిన సంగతి ఆశ్చర్యకరం. ముక్కు దగ్గర అంచనా కన్నా తక్కువ అరిగింది, పక్క అంచుల దగ్గర ఎక్కువ. ఆ సెన్సర్లు లేకపోతే గురుగ్రహ గాలి గురించి మనకున్న లెక్కల్లోకి కవచం తప్పు చొరబడి ఉండేది.

2006 జనవరి 15న సెకనుకు 12.9 కిలోమీటర్ల వేగంతో వాయుమండలంలోకి వచ్చి అమెరికాలోని యూటా ఎడారిలో దిగిన స్టార్‌డస్ట్‌ది వేరే అనుభవం. కవచం చేతికి దొరికింది కాబట్టి కోసి చూశారు. అంచనా కన్నా తక్కువే అరిగిందని తేలింది. అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ, పర్సవరెన్స్ కవచాల్లో కూడా ఒత్తిడి, ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టారు. కవచం మీద వేర్వేరు చోట్ల ఒత్తిడి తెలిస్తే గాలి సాంద్రతను, వాలును కుదుపుతో సంబంధం లేకుండా విడిగా రాబట్టొచ్చు.

## చివరి పది కిలోమీటర్లు

ప్యారాచూట్ తెరుచుకున్నాక అరుగుదల పాత్ర ముగుస్తుంది, మామూలు వాతావరణం పెత్తనం మొదలవుతుంది. సోయుజ్ సుమారు 10 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావుగంట పాటు ప్యారాచూట్ కింద వేలాడుతుంది. సగటున సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే ఆ పావుగంటలో 9 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. పైన వేల కిలోమీటర్ల ప్రయాణంలో సాధించిన కచ్చితత్వం ఇక్కడ పోవచ్చు. 1976 అక్టోబరులో సోయుజ్-23 మంచు తుపానులో, రాత్రివేళ కజక్‌స్థాన్‌లోని టెంగిజ్ సరస్సులో పడింది. ఇద్దరు వ్యోమగాములను బయటికి తీయడానికి గంటల కొద్దీ శ్రమించాల్సి వచ్చింది. నేడు క్యాప్సూళ్లు దిగే ముందు గాలి వేగం, అలల ఎత్తు, మెరుపులు చూసి వాయిదా వేయడం ఈ దశ కోసమే.

## రాబోయే ప్రభావాలు

కక్ష్యలో ఉపగ్రహాల సంఖ్య పెరిగేకొద్దీ దిగి వచ్చేవీ పెరుగుతాయి. వాటిలో చాలావాటికి కవచం ఉండదు. పైన కాలి ముక్కలయ్యాక ప్రతి ముక్కకూ ఒక్కో బాలిస్టిక్ గుణకం వస్తుంది. బరువైన టైటానియం ట్యాంకు ముందుకు దూసుకుపోతుంది. తేలికైన రేకు వెనకే ఆగిపోయి, నేల దాకా గాలి వాటున కొట్టుకొస్తుంది. అందుకే శకలాలు చుక్కలా కాక వందల కిలోమీటర్ల పొడవైన పట్టీలా పడతాయి.

ఈ అనిశ్చితికి ఖర్చు ఉంది. 2022 నవంబరు 4న చైనా లాంగ్ మార్చ్-5బీ రాకెట్ భాగం పడిపోతుండగా స్పెయిన్ తన గగనతలంలో కొంత భాగాన్ని 40 నిమిషాల పాటు మూసేసింది. వందల విమానాలు ఆలస్యమయ్యాయి. ఆ భాగం చివరికి పసిఫిక్‌లో పడింది. మూసినందుకు తప్పుపట్టలేం. అప్పటికి చేతిలో ఉన్న అంచనా అంత వెడల్పుగానే ఉంది.

మరో మార్పు నెమ్మదిగా వస్తోంది. కార్బన్ డయాక్సైడ్ కింద భూమిని వేడెక్కిస్తుంది, పైన వందల కిలోమీటర్ల ఎత్తులో మాత్రం గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన పై పొర కుంచించుకుని పలచబడుతుంది. దాంతో చెత్తగా మిగిలిన ఉపగ్రహాలు మునుపటికన్నా ఎక్కువకాలం కక్ష్యలో తిరుగుతాయి. పాత కొలతల మీద కట్టిన సాంద్రత నమూనాలను ఎప్పటికప్పుడు సవరించుకోవాలి. అవి సవరించకుండా నియంత్రణ లేని పతనాల తేదీలు చెబితే, ఆ తేదీలు అసలు పతనం కన్నా కొద్దికొద్దిగా ముందుగా ఉండి తప్పుతుంటాయి.